దొంగ బిల్లులు బయటపెడితే ఉద్యోగం నిలుస్తుందా? ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

గోదారిగట్టు
లిస్టెడ్ కంపెనీ, కొనుగోళ్ల విభాగం. ప్రతి పెద్ద ఆర్డరుకూ ఫైల్లో మూడు కొటేషన్లు ఉంటాయి. మూడింట్లోనూ ఒకే చోట ఒకే అక్షరదోషం. రెండు సప్లయర్ల జీఎస్టీ చిరునామా ఒకే ఫ్లాటు. స్టోర్స్‌లో సరుకు దిగినట్టు జీఆర్‌ఎన్ (సరుకు అందిన రసీదు) ఉంది, గేటు రిజిస్టర్లో ఆ రోజు ఆ లారీయే లేదు. సంతకం విభాగాధిపతిది. గోడ మీద "నిర్భయంగా చెప్పండి" అని పోస్టరు ఉంది కానీ దాని కిందున్న మెయిల్ వెళ్లేది హెచ్‌ఆర్‌కి. ఆ హెచ్‌ఆర్ హెడ్, ఈ విభాగాధిపతి రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. ఇలాంటి చోట ఉద్యోగి ఎవరికి చెప్పాలి? చెప్పాక ఉద్యోగం పోకుండా ముందే ఏం చేసుకోవాలి? ధైర్యం చెప్పే మాటలు వద్దు, దారి చెప్పండి.

కాగితంపులి
2014లో విజిల్ బ్లోయర్ల, అంటే లోపలి అక్రమాలు బయటపెట్టేవాళ్ల రక్షణ చట్టం వచ్చింది కదా. వేధించలేదని నిరూపించుకోవాల్సిన భారం కూడా పైవాళ్ల మీదే పెట్టారు. దాని కింద ఫిర్యాదు పెట్టేస్తే సరి.

కోర్టుమెట్లు
కాగితంపులి గారూ, ఆ చట్టాన్ని నమ్ముకుని ఎవరినీ అడుగు వేయమనకండి. 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం అయితే వచ్చింది, అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఇవ్వలేదు. 2015లో దాన్ని ఇంకా పలచన చేసే సవరణ బిల్లు లోక్‌సభ దాటింది, రాజ్యసభలో ఆగింది, 2019లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. ఒకవేళ అమల్లో ఉన్నా ఇక్కడ పనికిరాదు. అది ప్రభుత్వ సేవకుల అవినీతి గురించిన చట్టం, ప్రైవేటు కంపెనీ కొనుగోళ్లు దాని పరిధిలోకి రావు.

గోదారిగట్టు గారికి తలుపు వేరే ఉంది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177(9), సెబీ లిస్టింగ్ నిబంధనల్లో 22వది. లిస్టెడ్ కంపెనీ ప్రతిదానికీ విజిల్ మెకానిజం (vigil mechanism, అక్రమాల మీద ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు) ఉండి తీరాలి. తగిన సందర్భాల్లో ఆడిట్ కమిటీ (బోర్డులో లెక్కలు చూసే కమిటీ) అధ్యక్షుడికి నేరుగా చెప్పుకునే వీలు అందులో ఉండాలి, ఫిర్యాదు చేసినవాళ్లను వేధించకుండా ఏర్పాటు ఉండాలి, ఆ వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలి. అంటే గోడ మీద పోస్టరు ఒక్కటే దారి కాదు. వెబ్‌సైట్లో "ఇన్వెస్టర్స్" పేజీలో పాలసీలన్నీ ఉంటాయి, విజిల్ బ్లోయర్ పాలసీ తీసి చివరి రెండు పేజీలు చదవండి. ఆడిట్ కమిటీ అధ్యక్షుడి మెయిలో, తపాలా చిరునామానో ఎక్కువగా అక్కడే ఉంటుంది. అది చదవాల్సింది ఇంట్లో, సొంత ఫోన్లో.

లిస్ట్ కాని కంపెనీల్లో ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకున్నవాటికి, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చినవాటికి కూడా ఈ 177 వర్తిస్తుంది. అంతకంటే చిన్న ప్రైవేటు కంపెనీ అయితే చట్టం అడిగే విజిల్ మెకానిజం ఏదీ లేదు.

పల్నాటి_పిల్లోడు
ఇంత తంతు ఎందుకన్నా? కొత్త జీమెయిల్ తెరిచి పేరు లేకుండా పంపేస్తే పోలా?

లెడ్జర్‌పిల్ల
పోదు తమ్ముడూ. పేరు లేని మెయిల్ వచ్చిందంటే ఇంటర్నల్ ఆడిట్ వాళ్లకు వెంటనే పది సందేహాలొస్తాయి. ఏ ప్లాంటు? ఏ నెల? ఏ వోచరు? తిరిగి అడిగితే ఆ పెట్టె ఎవరూ తెరవరు. "వివరాలు చాలవు" అని రాసి మూసేస్తారు, ఆ మూత చట్టప్రకారం తప్పూ కాదు. పైగా పేరు తెలియనివాళ్లను వేధించారని రేపు ఎవరు రుజువు చేస్తారు? ఫిర్యాదు చేసినట్టు రికార్డే లేకపోతే రక్షణ అడగడానికి ఆధారమే ఉండదు.

పల్నాటి_పిల్లోడు
సత్యం కంప్యూటర్స్ విషయంలో 2008 డిసెంబర్లో స్వతంత్ర డైరెక్టరుకు వెళ్లింది పేరు లేని మెయిలే కదా అక్కా.

లెడ్జర్‌పిల్ల
నిజమే. అయితే ఆ మెయిల్ చేరింది హెచ్‌ఆర్‌కి కాదు, డైరెక్టరుకి. తలుపు సరైనది. దానికి కాస్త ముందే, డిసెంబర్ 16న మేటాస్ కొనుగోలు ప్రకటించి మదుపుదారులు తిరగబడితే వెనక్కి తీసుకున్నారు. కంపెనీ మీద అప్పటికే అందరి కళ్లూ ఉన్నాయి. 2009 జనవరి 7న లెక్కల మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు ఉత్తరం రావడానికి మెయిల్ ఒక్కటే కారణమని చెప్పలేం. మామూలు కంపెనీలో మామూలు నెలలో ఆ ఒత్తిడి ఉండదు.

మధ్యదారి ఒకటుంది. చాలా పెద్ద కంపెనీలు ఫిర్యాదుల హాట్‌లైన్‌ను బయటి ఏజెన్సీకి అప్పగిస్తాయి. అక్కడ పేరు చెప్పకపోయినా కేసు నంబరు, పాస్‌వర్డు ఇస్తారు. వాటితో మళ్లీ లోపలికి వెళ్లి వాళ్లడిగిన ప్రశ్నలకు జవాబివ్వచ్చు. ఆ నంబరు కాగితం మీద రాసుకోవాలి, ఆఫీసు లాప్‌టాప్‌లో కాదు. వారానికోసారి చూడకపోతే మాత్రం పేరు లేని మెయిల్ గతే పడుతుంది.

ఇక ఫిర్యాదు ఎలా రాయాలి. రెండు పేజీలు దాటకూడదు. "వీడు దొంగ", "అందరికీ తెలుసు" లాంటివి ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్కో లావాదేవీకి ఒక్కో పేరా. పీవో (కొనుగోలు ఆర్డరు) నంబరు, తేదీ, సప్లయరు, మొత్తం, ఏ రెండు కాగితాలు ఒకదానికొకటి పొసగడం లేదు, ఆ కాగితాలు ఇప్పుడెక్కడున్నాయి. నాలుగైదు గట్టివి చాలు. నలభై ఆరోపణలు పెడితే అందులో బలహీనమైన మూడు పట్టుకుని "పరిశీలించాం, నిజం కాదు" అని మొత్తం ఫైలు మూసేసే వీలు మనమే ఇచ్చినట్టవుతుంది.

బయట నుంచే సరిచూసుకోగలిగినవి ముందు పెట్టండి. సప్లయరు జీఎస్టీ నంబరు పోర్టల్లో కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, చిరునామా కనిపిస్తాయి. మొదటి ఆర్డరుకు పది రోజుల ముందే పుట్టిన సంస్థ అయితే అదొక్కటే సగం కథ చెబుతుంది. ఈ-వే బిల్లులో వాహనం నంబరు ఉంటుంది. 20 టన్నుల సరుకు మోసిన బండి నంబరు స్కూటరుదైతే ఇంక వాదనే లేదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో ఎడిట్ లాగ్ ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు తప్పనిసరి చేశారు. "ఫలానా వోచరు ఎడిట్ లాగ్ చూడండి" అని ఒక్క వాక్యం రాయండి. ఎవరు ఎప్పుడు మార్చారో అదే చెబుతుంది.

గోదారిగట్టు
లెడ్జర్‌పిల్ల గారూ, ఆడిట్ కమిటీ అధ్యక్షుడు కూడా మేనేజ్‌మెంటు మనిషే అయితే?

లెడ్జర్‌పిల్ల
అందుకే స్టాట్యుటరీ ఆడిటర్ల (చట్టప్రకారం కంపెనీ లెక్కలు తనిఖీ చేసే బయటివాళ్ల) ఫర్మ్‌కి ఒక కాపీ. ఏడాదిలో వచ్చిన విజిల్ బ్లోయర్ ఫిర్యాదులను పరిగణించారా అని ఆడిటరు తన రిపోర్టులో చెప్పాలి, కారో 2020 (ఆడిటరు రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే ఉత్తర్వు)లో పదకొండో క్లాజు. మీ కాపీ ఆడిటరు దగ్గర ఉంటే "ఈ సంవత్సరం ఫిర్యాదులేవీ రాలేదు" అని కంపెనీ అనలేదు. ఉద్యోగులో అధికారులో చేసిన మోసం కోటి రూపాయలు, ఆపైన ఉన్నట్టు ఆడిటరు నమ్మితే సెక్షన్ 143(12) కింద 2 రోజుల్లో బోర్డుకో ఆడిట్ కమిటీకో రాయాలి, 45 రోజుల్లో జవాబు అడగాలి, ఆ తర్వాత 15 రోజుల్లో కేంద్రానికి పంపాలి. కోటి లోపైతే బోర్డు లేదా ఆడిట్ కమిటీ దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఫిర్యాదులో లావాదేవీల మొత్తం కూడి, ఒక్క అంకె స్పష్టంగా రాయండి.

సర్వర్‌గది
ఇంతవరకూ ఎవరూ చెప్పనిది. మనుషులు పట్టుబడేది ఫిర్యాదు వల్ల కాదు, ఫిర్యాదుకు ముందు చేసిన కాపీల వల్ల. ఆఫీసు లాప్‌టాప్ నుంచి సొంత మెయిల్‌కి పంపినా, పెన్‌డ్రైవ్ పెట్టినా, డ్రైవ్‌లోకి ఎక్కించినా డీఎల్‌పీ (డేటా బయటికి పోకుండా కాపలా కాసే) సాఫ్ట్‌వేరు రాసి పెట్టుకుంటుంది. ప్రింటర్ సర్వర్లో ఫైలు పేరు, ఉద్యోగి నంబరు, పేజీల లెక్క ఉంటాయి. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి కాగితం మీదా కంటికి ఆనని పసుపు చుక్కల్లో మెషీన్ నంబరు, తేదీ ముద్రిస్తాయి. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో రాసినవారి పేరు ఉంటుంది. సొంత ఫోనే అయినా ఆఫీసు మెయిల్ ప్రొఫైల్ అందులో వేసుకుంటే ఆ ఫోను కూడా సగం ఆఫీసుదే అనుకోండి.

కాగితం బయటికి తేకండి. పని కోసం చూడాల్సినవి చూస్తున్నప్పుడు గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్లి నోటుపుస్తకంలో చేత్తో నంబరు, తేదీ, మొత్తం రాయండి. విచారణాధికారికి ఆ నంబర్లు చాలు, అసలు కాగితం సర్వర్లోంచి ఆయనే తీసుకుంటాడు. సంబంధం లేని ఫైళ్లు ఆ వారంలోనే తెరిచారంటే ఆ లాగ్ కూడా ఉంటుంది.

కోర్టుమెట్లు
సర్వర్‌గది గారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఇంకొకటి. అనుమతి లేకుండా డేటా దించుకుంటే ఐటీ చట్టం సెక్షన్ 43, దురుద్దేశం అంటగడితే 66. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఫిర్యాదు చేసినవాళ్ల మీద కంపెనీ ముందుగా వేసే అస్త్రం ఇదే. అసలు మోసం పక్కకుపోయి "డేటా దొంగ" అనే కథ మొదలవుతుంది.

ఇక పరువునష్టం. భారతీయ న్యాయ సంహిత 356లో మినహాయింపులున్నాయి. చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు నేరం కాదు. అదే మాట వాట్సాప్ గ్రూపులోనో, లింక్డిన్‌లోనో, విలేకరికో చెబితే ఆ మినహాయింపు చేజారుతుంది. ఆడిట్ కమిటీ, ఆడిటర్ల తలుపులు తప్ప ఇంకో తలుపు తట్టకండి. రాసిచ్చేదాకా భార్యకు, భర్తకు తప్ప ఎవరికీ చెప్పకండి.

కాగితంపులి
ఫోన్లో మాట్లాడింది రికార్డు చేసుకోవచ్చా మరి?

కోర్టుమెట్లు
మీరు మాట్లాడుతున్న కాల్ అయితే కోర్టులు చూస్తాయి. కానీ భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఫైలు రికార్డయిన ఫోను అమ్మేయకండి, రీసెట్ చేయకండి, పక్కన పెట్టేయండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీకి అంత బలం ఉండదు.

సతర్క్_రిటైర్డ్
కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల వాళ్లు కూడా ఈ థ్రెడ్ చదువుతుంటారు కాబట్టి రాస్తున్నాను. వైజాగ్ స్టీల్, బీహెచ్‌ఈఎల్, జాతీయ బ్యాంకులు, కేంద్ర శాఖలు. వీళ్లకు 2004 ఏప్రిల్ 21 నాటి పీఐడీపీఐ (ప్రజాప్రయోజన ఫిర్యాదులు, సమాచారం ఇచ్చినవారి రక్షణ) తీర్మానం ఉంది, అది ఇవాళ్టికీ పని చేస్తోంది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు సత్యేంద్ర దూబే 2002లో స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాశారు. పేరు గోప్యంగా ఉంచమని ప్రత్యేకంగా కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా ఫైళ్లలో చేతులు మారింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాతే సుప్రీంకోర్టు అడిగితే ఈ ఏర్పాటు వచ్చింది. అందుకే ఇందులో నియమాలన్నీ కవరు చుట్టూనే తిరుగుతాయి.

మూసి అంటించిన కవరు. పైన పీఐడీపీఐ అని పెద్దగా రాయాలి. చిరునామా కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శి, సతర్కతా భవన్, జీపీవో కాంప్లెక్స్, ఐఎన్‌ఏ, న్యూఢిల్లీ 110023. కవరు మీద పంపేవారి పేరు, ఊరు రాయకూడదు. తపాలా కార్యాలయం వాళ్లు అవి అడగకూడదు కూడా. పేరు, చిరునామా లోపల విడి కాగితం మీద. ఫిర్యాదు పాఠంలో "నేను స్టోర్స్ సెక్షన్లో ఉండగా" లాంటి ఆనవాలు ఒక్కటీ రాకూడదు. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు. కమిషన్ మీకు రాసి, ఇది మీరే పంపారా, ఇంకెవరికైనా పంపారా అని అడుగుతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలామంది ఫిర్యాదులు ఇక్కడే పోతాయి, ఆ ఉత్తరం చూసి భయపడి ఊరుకుంటారు.

ఇంకో పెద్ద తప్పు ఏమిటంటే మంత్రికి, సీఎండీకి, పత్రికకు కాపీలు పెట్టడం. నలుగురికి పంపిన ఉత్తరాన్ని కమిషన్ రహస్యంగా ఉంచలేదు. మామూలు ఫిర్యాదుల పోర్టల్లో వేసినా ఈ రక్షణ ఉండదు. నా ప్రమోషన్ ఆపారు, ఇంక్రిమెంటు కోశారు అనేవి ఇందులో కలపకండి. అవి కలిస్తే సొంత కక్ష అనుకుని పక్కన పెడతారు.

ఉప్పల్_డిపో
సార్, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు?

సతర్క్_రిటైర్డ్
పీఐడీపీఐ వర్తించదు. లంచం అడిగారన్న విషయమైతే రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ ఉంది, నంబరు 1064. డబ్బు ఇవ్వకముందే వెళ్తే ట్రాప్ వేస్తారు. బలవంతం మీద ఇచ్చేసి ఉంటే 7 రోజుల్లో చెప్పాలి, లేకపోతే 2018 సవరణ తర్వాత ఇచ్చినవారూ నేరస్తులే. ఆ ఏడో రోజు దాటనివ్వకండి. ఫిర్యాదు ఫైలు ఎవరైనా సమాచార హక్కు కింద అడిగితే, సమాచారం ఇచ్చినవారి ఆచూకీ బయటపెట్టనక్కర్లేదని సెక్షన్ 8(1)(జీ) ఉంది. మీ ఫిర్యాదు చివర ఆ సెక్షన్ పేర్కొని, నా పేరు గోప్యంగా ఉంచండి అని ఒక వాక్యం రాయండి.

ఫర్నేస్_బీ_షిఫ్ట్
డబ్బు సంగతి కాకుండా ప్రాణాల సంగతి కూడా మాట్లాడాలి. ఫార్మా, కెమికల్ ప్లాంట్లలో రియాక్టర్ ప్రెషర్ రిలీఫ్ వాల్వు పని చేయదు, ఇంటర్‌లాక్ (ప్రమాదం వస్తే యంత్రాన్ని ఆపే ఏర్పాటు) బైపాస్ చేసి నడుపుతారు, గ్యాస్ డిటెక్టరు అలారం మోగుతోందని తీసేస్తారు. ఇక్కడ ఆడిట్ కమిటీకి రాసి మూడు నెలలు ఆగలేం. ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికీ, అదే సమయంలో ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్స్పెక్టరుకూ చెప్పే హక్కు కార్మికుడికి ఉంది. ఫ్యాక్టరీల చట్టంలో 41హెచ్‌గా ఉన్నదే వృత్తి భద్రత కోడ్‌లోకి వచ్చింది. "అదే సమయంలో" అన్నది ముఖ్యం, పైవాడి అనుమతి కోసం ఆగనక్కర్లేదు.

లాగ్‌బుక్కే మీ రక్షణ. షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్కులో ట్యాగ్ నంబరుతో రాయండి. "ఫలానా పీఎస్‌వీ (ప్రెషర్ సేఫ్టీ వాల్వు) టెస్ట్ గడువు దాటింది, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పాను, టైము ఇంత." తర్వాతి షిఫ్ట్ వాడి సంతకం తీసుకోండి. పేజీ చింపితే నంబరు తప్పుతుంది. నోటితో చెప్పింది ప్రమాదం జరిగాక ఎవరికీ గుర్తుండదు, తప్పు ఆపరేటరు మీదకే తోస్తారు.

పల్నాటి_పిల్లోడు
ఇన్స్పెక్టరు వచ్చి మేనేజరుతో "మీవాడే చెప్పాడు" అంటే?

ఫర్నేస్_బీ_షిఫ్ట్
అనకూడదు. ఫిర్యాదు ఎవరిదో చెప్పకూడదు, అసలు ఫిర్యాదు వల్లే తనిఖీకి వచ్చానన్న మాట కూడా చెప్పకూడదని 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో 118ఏ పెట్టారు. అయినా జాగ్రత్త మనది. ఒక్క వాల్వు గురించే రాస్తే ఆ వాల్వు దగ్గర పని చేసేది ఎవరో తెలిసిపోతుంది. అదే బ్లాకులో నాలుగైదు లోపాలు కలిపి రాయండి.

లెడ్జర్‌పిల్ల
ఈ మాట దొంగ బిల్లులకూ వర్తిస్తుంది. ముగ్గురికి మాత్రమే తెలిసిన విషయం మొదటి పేరాలో పెట్టారంటే పేరు రాసినట్టే. స్టోర్స్, అకౌంట్స్, గేటు, ముగ్గురికీ కనిపించే కాగితాల మీద ఫిర్యాదు కట్టండి.

డల్లాస్‌తెలుగు
అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు. కన్సల్టెన్సీ బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొడితే అది ఎల్‌సీఏ (వీసా కోసం జీతం, పని షరతుల మీద కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చిన హామీ) ఉల్లంఘన. ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇవ్వాల్సిందే. డబ్ల్యూహెచ్-4 ఫారం నింపి కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి ఇవ్వాలి, ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు. చెప్పినందుకు తీసేస్తే అదీ ఉల్లంఘనే, మానేసిన ఉద్యోగికి కూడా ఆ రక్షణ ఉంది. స్టేటస్ పోయినా, ఫిర్యాదు వల్లే కక్ష సాధించారని ఆధారాలు చూపిస్తే ఎక్స్‌టెన్షన్ ఇచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణించవచ్చు. పరిగణించవచ్చు అంటున్నాను, తప్పక ఇస్తారని కాదు. ఎల్‌సీఏ కాపీ, పేస్టబ్బులు, "ప్రాజెక్టు వచ్చాక జీతం" అన్న మెసేజీలు ముందే దాచుకోండి.

గోదారిగట్టు
ఇప్పుడు రెండో సగం. ఫిర్యాదు వెళ్లింది, ఎవరో కనిపెట్టారు. తర్వాత?

కోర్టుమెట్లు
నేరుగా తీసేయడం అరుదు. రేటింగు తగ్గిస్తారు, పీఐపీ (పని మెరుగుపరుచుకోవాలని గడువు) పెడతారు, దూరపు ఊరికి బదిలీ చేస్తారు, పాత టీఏ బిల్లుల్లో 600 రూపాయల తేడా తవ్వి ఛార్జిషీటు ఇస్తారు. అందుకే ఫిర్యాదుకు ముందే మీ సొంత కాగితాలు ఇంట్లో పెట్టుకోండి. నియామక పత్రం, మూడేళ్ల అప్రైజల్ ఉత్తరాలు, ఇంక్రిమెంట్లు, పేస్లిప్పులు. ఇవి మీవే, ఉంచుకోవడంలో తప్పు లేదు. మూడేళ్లు బాగున్న రేటింగు ఫిర్యాదు అయిన రెండో నెలలో పడిపోతే ఆ తేదీలే మీ సాక్ష్యం.

బదిలీ వస్తే వెళ్లి చేరండి, చేరుతూ అభ్యంతరం రాసివ్వండి. చేరకుండా ఇంట్లో కూర్చుంటే "అనుమతి లేని గైర్హాజరు" అని వాళ్లకు కొత్త కారణం దొరుకుతుంది. కక్షసాధింపు చర్య ఏది జరిగినా వారంలోపు ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి అదే కేసు నంబరుతో విడిగా రెండో ఫిర్యాదు పెట్టండి. వేధింపు జరక్కుండా చూడటం ఆ మెకానిజం బాధ్యత.

రాజీనామా మీద గదిలో కూర్చోబెట్టి సంతకం అడిగితే పెట్టకండి. "తీసేయాలనుకుంటే కారణం రాసి ఉత్తరం ఇవ్వండి" అనండి. భయంతో పెట్టేశారనుకోండి, ఆ రోజే బయటికి వచ్చి, ఒత్తిడి మీద పెట్టాను, వెనక్కి తీసుకుంటున్నాను అని మెయిల్ చేయండి. మర్నాటికి వాయిదా వేస్తే బలం సగం తగ్గుతుంది. సస్పెండ్ చేస్తే, స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థలో కార్మికుల సర్వీసు నిబంధనలు) వర్తించే కార్మికుడికి మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత 75 శాతం జీవనభృతి రావాలి.

తీసేసిన కార్మికుడు కార్మిక శాఖలో రాజీ కుదిర్చే అధికారి దగ్గరికి వెళ్లి 45 రోజులు గడిస్తే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మేనేజరు స్థాయి వారికి ఈ దారి లేదు. వాళ్లు సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగాలి, ఉద్యోగం తిరిగి ఇప్పించడం అక్కడ చాలా కష్టం. ఆఫీసులకైతే ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1988 దుకాణాలు, సంస్థల చట్టంలో సెక్షన్ 47 ఉంది. ఆరు నెలలు దాటినవాళ్లను సరైన కారణం లేకుండా తీయకూడదు, 48 కింద అప్పీలు. ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తుంటాయి, మీ సంస్థకు ఏవి ఉన్నాయో లాయరుతో ముందే సరిచూసుకోండి.

ఉప్పల్_డిపో
రిలీవింగ్ లెటర్ ఇవ్వం అంటారు. ఎక్కువమంది దానికే లొంగిపోతారు.

లెడ్జర్‌పిల్ల
పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఈ మూడూ ఉంటే చాలా కంపెనీలు అనుభవానికి రుజువుగా తీసుకుంటాయి. ఫిర్యాదుకు ముందే యూఏఎన్‌కు (మీ పీఎఫ్ నంబరుకు) సొంత ఫోను నంబరు, సొంత మెయిల్ ముడిపడి ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత మార్చాలంటే మళ్లీ ఆ హెచ్‌ఆర్ గుమ్మం ఎక్కాల్సి రావచ్చు.

కాగితంపులి
అయితే కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా దీనిలోకి దిగకూడదు అంటాను. చట్టం గురించి నేను మొదట తప్పు చెప్పాను కానీ, ఈ లెక్క తప్పు కాదు.

సర్వర్‌గది
గోదారిగట్టు గారూ, ఒక్క మాట. మీ మొదటి పోస్టులో అక్షరదోషం, ఒకే ఫ్లాటు, భోజనాల బల్ల అన్నీ ఉన్నాయి. మీ విభాగంవాళ్లు ఎవరైనా ఇది చదివితే?

గోదారిగట్టు
వివరాలు మార్చే రాశాను. విభాగం కూడా అది కాదు. సొంత ఫోను, ఇంటి నెట్టు.

సర్వర్‌గది
మంచిది. ఫిర్యాదు వెళ్లేదాకా ఈ థ్రెడ్‌లో మళ్లీ రాయకండి. వెళ్లాక కూడా, ఎప్పుడు వెళ్లిందో ఇక్కడ చెప్పకండి.